మిద్దె మీద లావెండర్, తిరుపతి చలికాలం: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు మొదటి వారం

ఈసారి ప్రాజెక్టు ఇది: అక్టోబరు వానల నుంచి శివరాత్రి దాకా మిద్దె మీద లావెండర్‌ని (ఊదా పూలు పూసే సువాసన మొక్క) బతికించడం, కుదిరితే గుబురుగా పెంచడం. పక్కనే మల్లె, చామంతి, గులాబీ, కరివేపాకు, తులసి, అడీనియం (ఎడారి గులాబీ) ఉన్నాయి కాబట్టి వాటి చలికాలం పనులు కూడా ఇందులోనే రాసుకుంటాను, వేరే డైరీ పెట్టే ఓపిక లేదు. ఇల్లు ఎమ్మార్ పల్లె వైపు. మిద్దె ఎక్కితే ఉత్తరాన కొండ మొత్తం కనిపిస్తుంది, అంటే ఆ వైపు నుంచి వచ్చే గాలి, మంచు, కోతులు మూడూ నేరుగా మాకే.

లావెండర్‌కి చలికాలం జాగ్రత్తలు అని ఎక్కడ చూసినా ఒకటే పాట. కుండీకి గోనెపట్టా చుట్టు, షెడ్డులో పెట్టు, వేర్లు గడ్డకట్టకుండా చూడు. అదంతా మంచు కురిసే దేశాల గొడవ. తిరుపతిలో జనవరి తెల్లవారుజామున 17, 18 డిగ్రీలుంటే మనం చెవులకి మఫ్లరు చుట్టుకుంటాం గానీ లావెండర్‌కి అది హాయి. ఇంగ్లిష్ లావెండర్ అనే రకం సున్నాకి కింద 15 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది. జమ్మూ కశ్మీర్‌లో దోడా జిల్లా భదర్వా చుట్టుపక్కల కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళ అరోమా మిషన్ (సుగంధ మొక్కల సాగు పథకం) కింద చాలామంది రైతులు మొక్కజొన్న మానేసి ఇదే వేస్తున్నారు, అక్కడ చేల మీద మంచు పేరుకుని కరిగిపోయాక జూన్, జూలైలో పూత వస్తుంది.

కాబట్టి మన దగ్గర దానికి చలి గండం లేదు, నీటి గండం ఉంది. రాష్ట్రంలో చాలాచోట్ల వానలు తగ్గే వేళకి మాకు మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇదే వరస. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు.

"లావెండర్ పుట్టిన మధ్యధరా దేశాల్లో కూడా వానలు పడేది చలికాలంలోనే కదా" అని ఆఫీసులో ఒకాయన పాయింటు పట్టుకున్నాడు. నిజమే. కానీ అక్కడ ఆ వాన రాళ్ళ గుట్టల మీద పడి జారిపోతుంది, పైగా అప్పుడు నేల చల్లగా ఉంటుంది. మన దగ్గర నవంబరు ముసురులో కూడా మట్టి 24, 25 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. వెచ్చటి మట్టి, ఆరని తడి, ఎండ లేని మబ్బు ఈ మూడూ కలిస్తే ఫైటోఫ్తోరా, పైథియం లాంటి వేరుకుళ్ళు తెగుళ్ళకి పండగే.

ఇప్పుడు మిద్దె మీద లావెండర్లు నాలుగున్నాయి. మూడు డెంటాటా రకం, ఆకు అంచు రంపం పళ్ళలా ఉంటుంది, తడిమితే తెలిసిపోతుంది. నాలుగోది ఇంగ్లిష్ రకమని అమ్మారు, ఆకు సన్నగా, అంచు నున్నగా, వెండి రంగులో ఉంది కాబట్టి ఆ మాట నిజమే అయ్యుండాలి. కొత్తగా కొనేవాళ్ళు డెంటాటానే అడగండి. ఇంగ్లిష్ రకం బాగా పూయాలంటే కొన్ని వారాల గట్టి చలి తగలాలి, మన ఊళ్ళో అది దొరకదు. డెంటాటాకి ఆ పట్టింపు లేదు.

అక్టోబరు మధ్యలో

వాన మొదలవకముందే మట్టి మార్చేశాను. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒకటిన్నర పాలు, చిన్న కంకర అర పాలు, పాత పశువుల ఎరువు బాగా మాగినది ఒక పాలు. కొబ్బరిపొట్టు వేయలేదు. అందరూ అన్నిటికీ కొబ్బరిపొట్టు వాడతారు, మండు వేసవికి అది మంచిదే, నీళ్ళు పట్టి ఉంచుతుంది. లావెండర్‌కి మనం అక్కర్లేదనేది సరిగ్గా అదే గుణం.

పరీక్ష ఏమిటంటే, నింపిన కుండీలో ఒక చెంబు నీళ్ళు గబుక్కున పోసి చూడాలి. పైన మడుగు కట్టకుండా చూస్తుండగానే దిగిపోయి, కింది కన్నంలోంచి ధారగా రావాలి. పైన నిలిచి బుడగలొస్తుంటే ఇంకా ఇసుక పడాలని అర్థం. ఇసుక ఇళ్ళు కట్టే చోట అడిగితే ఇస్తారు, జల్లెడ పట్టి జల్లెడలో మిగిలిన ముతకదే వాడాలి, కిందకి రాలిన మెత్తటిది మట్టి సందుల్లో కూర్చుని సిమెంటులా బిగుసుకుంటుంది.

కుండీలు మట్టివే. ప్లాస్టిక్ కుండీ తడిని కన్నంలోంచి మాత్రమే వదులుతుంది, మట్టి కుండీ గోడలోంచి కూడా వదులుతుంది. ప్రతి కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెట్టాను. మిద్దె గచ్చుకి కుండీ అడుగు అతుక్కుపోతే కన్నం ఉన్నా లేనట్టే, లోపల నీళ్ళు కదలవు.

నీళ్ళ సంగతి. మా బోరు నీళ్ళు గట్టివి, బకెట్టు అంచున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఈ నీళ్ళకి మా నూరువరహాల చెట్టు ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లావెండర్‌కి అదే నీళ్ళు నచ్చుతాయి, దానికి కాస్త క్షారం ఉన్న మట్టే కావాలి. ఒకే బోరు, ఒకే పైపు, ఒకదానికి జబ్బు, ఇంకోదానికి బలం.

అక్టోబరు చివర

పైకప్పు వేశాం. నర్సరీలో అడిగితే షేడ్ నెట్ వేయమన్నారు. షేడ్ నెట్ ఎండని ఆపుతుంది, వానని ఆపదు, వాన వెలిశాక కూడా చాలాసేపు బొట్లు బొట్లుగా కారుస్తూనే ఉంటుంది. మనకి కావాల్సింది సరిగ్గా తలకిందులు, ఎండ రావాలి, వాన రాకూడదు. అందుకని పారదర్శకంగా ఉండే పాలికార్బొనేట్ షీటు ఒకటి, నాలుగు సరుగుడు కట్టెలు, బైండింగ్ వైరు. దక్షిణం వైపు ఎత్తు, ఉత్తరం వైపు వాలు. నాలుగు పక్కలా తెరిచే ఉంచాను. పక్కలు కూడా కవరుతో మూసేస్తే లోపల ఆవిరి పట్టి ఆకు కుళ్ళుతుంది, వాన నుంచి కాపాడి ఆవిరికి అప్పగించినట్టవుతుంది.

పక్కింటి పెద్దాయన వాళ్ళ మిద్దె మీద బట్టలు తీస్తూ చాలాసేపు చూశాడు.

"ఏం సామీ, చెట్టుకి గొడుగు పట్టినావు? వాన పడితే చెట్టు బాగుంటాది గదా?"

"ఇది వాన పడని చెట్టు పెదనాన్నా."

"అట్లాంటి చెట్టు ఎందుకు తెచ్చినావు మరి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు.

నవంబరు, వాయుగుండం వారం

వరసగా ముసురు. కపిలతీర్థంలో జలపాతం దూకుతోందని ఊరంతా ఫోటోలు పంపుకుంటోంది. లావెండర్ల మీద చుక్క పడలేదు, కానీ గాల్లో తేమ ఎంతుందంటే ఇంట్లో అప్పడాలు మెత్తబడిపోయాయి, కుండీలో మట్టి అసలు ఆరడం లేదు. నీళ్ళు పోయడం పూర్తిగా ఆపేశాను. ఇలాంటప్పుడు పైమట్టి చూసి మోసపోకూడదు, పైన పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. కుండీని ఎత్తి బరువు చూడటమే నా పద్ధతి. ఎత్తలేనంత పెద్ద కుండీ అయితే అగరొత్తి పుల్ల లోపలిదాకా గుచ్చి పది నిమిషాలాగి తీస్తే మట్టి అంటుకుందో లేదో తెలుస్తుంది.

అడీనియంలన్నీ మెట్ల గదిలోకి చేర్చాను. వాటికి ఈ రోజుల్లో నీళ్ళసలు అక్కర్లేదు, దుంప నొక్కితే గట్టిగా ఉంటే చాలు. ఆకు రాలుస్తుంది, రాల్చనీ.

ముసురు మధ్యలో ఇంగ్లిష్ లావెండర్ తల వాల్చింది. వాడిపోయిన మొక్కని చూస్తే ఎవరికైనా చేయి చెంబు మీదకే పోతుంది, ఇక్కడ ఆగాలి. నీళ్ళు తక్కువై వాడినా, వేరు కుళ్ళి వాడినా పైకి ఒకేలా కనిపిస్తుంది. కుండీ బరువుగా ఉండి మొక్క వాడిందంటే అది రెండోదే.

కుండీ బోర్లించి మొక్కని బయటికి తీశాను. నేను వేసిన మట్టి పొడిపొడిగా రాలిపోయింది. నడుమ మాత్రం నర్సరీ ముద్ద, పిడికిలంత, అలాగే ఉంది. దాన్ని విప్పితే లోపల ప్లాస్టిక్ వల కప్పు, అందులో కొబ్బరిపొట్టు బిళ్ళ, పిండితే నీళ్ళు కారుతున్నాయి. చుట్టూ ఆరిపోయినా మధ్యలో ఆ ముద్ద తడిని పట్టుకునే కూర్చుంది. వేర్లు గోధుమ రంగుకి తిరిగాయి, ఒకదాన్ని గోటితో పట్టుకుని లాగితే పై తొక్క తొడుగులా జారి వేలికి వచ్చేసింది, లోపలి దారం లాంటిది మాత్రం మొక్కకే మిగిలింది. బాగున్న వేరు అలా రాదు, తెల్లగా ఉండి పుటుక్కున తెగుతుంది. మురికి కాలువ వాసన సరేసరి.

కాండం మొదలు దగ్గర ఒక కొమ్మ ఇంకా పచ్చగా ఉంటే దాని చివర్లు తుంచి ఇసుకలో గుచ్చాను. మిగతాది చెత్తబండికి, కంపోస్టులో వేయకూడదు, తెగులు మళ్ళీ మట్టిలోకే వస్తుంది. మిగతా మూడింటికీ ట్రైకోడెర్మా విరిడి (వేరుకుళ్ళుని అడ్డుకునే మేలు శిలీంధ్రం) పొడి ఎరువులో కలిపి వేరుచుట్టూ వేశాను. ఇది ముందు జాగ్రత్తకే పనికొస్తుంది, కుళ్ళు మొదలయ్యాక వేసి లాభం లేదు. నర్సరీ మొక్క ఏది తెచ్చినా ఆ ముద్ద విప్పి, వల కప్పు కత్తిరించి తీసి, వేర్లని సర్ది నాటండి. నర్సరీ వాళ్ళకి వేలల్లో మొక్కలు పెంచాలంటే ఆ కప్పు అవసరమే, మన కుండీలోకి వచ్చాక దానితో పని లేదు.

నవంబరు చివర, కార్తీకం ముగిసే రోజులు

అవ్వ పాకాల దగ్గర ఊర్నించి వచ్చింది. వచ్చీ రాగానే మిద్దె ఎక్కి మల్లె కుండీ దగ్గర నిలబడింది.

"ఏం నాయనా, మల్లెకి ఇంకా నీళ్ళు పోస్తా ఉండావా?"

"వాన పడుతోంది కదవ్వా, నేనెక్కడ పోస్తున్నా."

"ఈ వాన పోతానే నీళ్ళు ఆపెయ్. ఆకంతా దూసెయ్. ఎండనీ. అప్పుడు గదా దానికి పూయాలని బుద్ధి పుట్టేది."

అవ్వ చెప్పింది అక్షరాలా సరైనదే, మల్లెతోటల రైతులు చేసేదీ ఇదే. నవంబరు చివరి నుంచి నీళ్ళు తగ్గించి, ఆకు రాల్చి, కొమ్మల్ని మోకాలెత్తుకి కత్తిరించి, తర్వాత ఎరువేసి నీళ్ళిస్తే కొత్త చిగురు చివర మొగ్గ పడుతుంది, మార్చికి పూలు. మల్లె పూసేది కొత్త కొమ్మకే. పాత కొమ్మలు తీయకుండా వదిలేసినవాళ్ళ చెట్లు ఆకులతో గుబురుగా ఉండి, వేసవిలో నాలుగు పూలు ఇచ్చి ఊరుకుంటాయి.

గులాబీలు కూడా ఇప్పుడే. చచ్చిన కొమ్మలు, లోపలికి పెరిగినవి, పెన్సిలు కన్నా సన్నవి తీసేశాను. బయటివైపు చూసే కన్ను (చిగురు వచ్చే చోటు) పైన అంగుళంలో పావు వంతు వదిలి ఏటవాలుగా కోయాలి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టులా కలిపి పూశాను, లేకపోతే ఈ తేమకి కొమ్మ కోసిన దగ్గర్నుంచి నల్లగా కిందకి ఎండుతూ పోతుంది.

తులసి గురించి ఒక మాట, ఎవరూ నొచ్చుకోకండి. క్షీరాబ్ది ద్వాదశి నాడు కోట మొదట్లో పాలు, పసుపు, కుంకుమ, బెల్లం అన్నీ పోస్తాం, నెలంతా కాండానికి ఆనించి దీపం పెడతాం, తర్వాత తులసి ఎండిపోతే ఇంటికి అరిష్టమని టెన్షన్ పడతాం. దీపం జానెడు దూరంలో పెడితే చాలు. పాలు ఒక చుక్క చాలు, మిగిలింది చీమలకీ బూజుకీ తిండి. ఎండిన మంజరులు తుంచేస్తే మొక్క విత్తనం మీద పెట్టే బలం ఆకు మీద పెడుతుంది. పూజకి తులసి దళాలు కోసేవాళ్ళు ఎలాగూ ఈ పని చేస్తూనే ఉంటారు.

డిసెంబరు మొదట్లో

వాన తగ్గింది, ఎండ వచ్చింది, కానీ లావెండర్‌కి అందడం లేదు. మిద్దె దక్షిణపు పిట్టగోడ మూడడుగులు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తే ఎక్కుతాడు. లెక్కేస్తే మూడడుగుల గోడకి మధ్యాహ్నమే రెండుంపావు అడుగుల నీడ, పొద్దునా సాయంత్రం ఇంకా పొడుగు. జూన్‌లో ఇదే గోడ మధ్యాహ్నం మిద్దె మీద నీడే వేయదు, అప్పుడు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. వేసవిలో పెట్టిన చోటే కుండీలు వదిలేసి "చలికి ఎదగడం లేదు" అనుకునేవాళ్ళు ఒకసారి గోడ నీడ చూసుకోండి.

పైకప్పు, కట్టెలు అన్నీ ఉత్తరం వైపుకి జరిపాం. ఇప్పుడు పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండ.

వారం తిరక్కుండా డెంటాటాలు చిగురు వేశాయి. మూడింటికీ చివర్లు గిల్లాను. గిల్లిన ప్రతి కొమ్మకీ రెండేసి కొత్త కొమ్మలు వస్తాయి, పూత కాస్త వెనకపడినా గుబురు వస్తుంది. అయితే ఆకులున్న పచ్చ భాగం వరకే కోయాలి. కింద బెరడు కట్టిన మొండి కొమ్మలోకి కోస్తే మల్లెలాగా మళ్ళీ చిగురుస్తుందని ఆశపడొద్దు, లావెండర్ చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇంగ్లండులోనో కశ్మీర్‌లోనో లావెండర్‌కి చలికాలం నిద్ర, వేసవి పని. తిరుపతిలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి దానికి పని రోజులు, పగలు 29, 30, రాత్రి 18, ఇంతకన్నా దానికి నచ్చే వాతావరణం మనం ఏడాదిలో మళ్ళీ ఇవ్వలేం. మేలో 42 దాటితే అది ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. అందుకని ఎరువు, గిల్లడం, కుండీ మార్చడం, కొమ్మలు గుచ్చి వేరు పట్టించడం అన్నీ ఈ మూడు నెలల్లోనే. వేసవికి కావాల్సిన వేరు ఇప్పుడే రావాలి.

ధనుర్మాసం

తెల్లారి మిద్దె ఎక్కితే పిట్టగోడ తడిచి ఉంటోంది, ఆకుల మీద మంచు తొమ్మిది దాకా ఆరడం లేదు. గులాబీ చిగుళ్ళ మీద బూడిద తెగులు, తెల్లగా పిండి చల్లినట్టు. తగిలిన ఆకులు తీసేసి, నీటిలో కరిగే గంధకం లీటరుకి 2 గ్రాములు కలిపి ఎండ ముదరకముందే కొట్టాను. లావెండర్‌కి పైకప్పు ఉంది కాబట్టి మంచు కూడా పడటం లేదు, వాన కోసం వేసినది రెండో పనికీ వచ్చింది. నీళ్ళు ఏ మొక్కకైనా పొద్దున్నే, కాండం మొదట్లోనే. సాయంత్రం ఆకుల మీద చల్లితే రాత్రంతా తడే.

చామంతి దగ్గర ఒక విచిత్రం. ఒకే తల్లి మొక్క నుంచి తీసిన పిలకలు, ఒకే మట్టి, ఒకే ఎరువు. మెట్ల గది పక్కనున్నవి పసుపు పచ్చగా విరగబూశాయి, వీధి వైపు పిట్టగోడ మీదున్న కుండీకి ఒక్క మొగ్గ లేదు, ఏపుగా ఆకులు మాత్రం వేసింది. ఎరువు తేడా అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. రాత్రి మిద్దె ఎక్కి చూస్తే సంగతి తెలిసింది, వీధిదీపం తెల్ల ఎల్ఈడీ వెలుగు సరిగ్గా ఆ కుండీ మీదే పడుతోంది. చామంతి పూయాలంటే పొడుగాటి చీకటి రాత్రి కావాలి. ఇప్పుడు పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలే కాబట్టి మామూలుగా దానికి రాత్రి సరిపోతుంది, దీపం పడితే అది ఇంకా పగలే అనుకుంటుంది. పూలతోటల రైతులు దీన్నే తిప్పి వాడుకుంటారు, పూత ఆలస్యం చేయాలంటే రాత్రుళ్ళు పొలంలో బల్బులు వేస్తారు. కుండీని మెట్ల గది వెనక్కి మార్చాను.

కరివేపాకు పసుపెక్కి రాలుతోంది. దీనికేమీ చేయనక్కర్లేదు. చలికి అది ఆగిపోతుంది, యూరియా వేసినా పుల్లటి మజ్జిగ పోసినా ఇప్పుడు పెద్దగా కదలదు. నీళ్ళు తగ్గించి వదిలేస్తే ఫిబ్రవరిలో తనే చిగురిస్తుంది.

ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై, సహస్రనామార్చనకి తులసి బదులు మారేడు దళాలు. కొండ మీద పూలతోటలకి ఆద్యుడు రామానుజుల శిష్యుడు అనంతాళ్వారు, తోటకి నీళ్ళ కోసం చెరువు తవ్వడానికి ఆయన వాడిన గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర గోడకి వేలాడుతుంది. దర్శనానికి వెళ్ళినప్పుడు మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళు అటు ఒకసారి తలెత్తి చూడాలి, క్యూలో తోసేస్తుంటారు గానీ.

సంక్రాంతి వారం

భోగి మంట బూడిద చల్లారాక ఒక డబ్బాలోకి ఎత్తి పెట్టాను. కట్టెలు, పిడకలు మాత్రమే కాల్చిన మంట అయితేనే తీసుకోండి, మా వీధి చివర మంటలో పాత టైరు, ప్లాస్టిక్ కుర్చీ కూడా కాలాయి, ఆ బూడిద వద్దు. లావెండర్ కుండీకి ఒక చెంచా, మట్టిలో కలిపి. పొటాష్ వస్తుంది, కాస్త క్షారం వస్తుంది. మందారానికి, నూరువరహాలకి వేయొద్దు.

శెనక్కాయ చెక్క గానుగ దగ్గర తెచ్చి మూడు రోజులు నానబెట్టి పది రెట్లు నీళ్ళు కలిపి గులాబీలకీ, చిగురు మొదలైన మల్లెకీ పోశాను. వాసనకి కింది ఇంటివాళ్ళు ఫోన్ చేశారు. లావెండర్‌కి ఇది పోయలేదు, నత్రజని ఎక్కువైతే కొమ్మ మెత్తగా సాగి వాలిపోతుంది, వాసన తగ్గుతుంది. బక్క మట్టిలోనే దాని గుణం బయటపడుతుంది.

లావెండర్ అంటు కొమ్మలు గుచ్చడం ఇప్పుడే. పూత లేని కొమ్మ చివర మూడు, నాలుగు అంగుళాలు, కింది సగం ఆకులు తీసేసి, ముతక ఇసుకలో గుచ్చి, పొద్దుటి ఎండ మాత్రం పడేచోట పెట్టాను. ప్లాస్టిక్ కవరు బోర్లించలేదు. తులసి, పుదీనా, వాము ఆకు, మరువం, లావెండర్ అన్నీ ఒకే కుటుంబం, కానీ పుదీనాలాగా వారంలో వేరు రాదు, నెల, నెలన్నర ఓపిక పట్టాలి. మధ్యలో పీకి చూడొద్దు. నవంబరులో చనిపోయిన ఇంగ్లిష్ మొక్క నుంచి తీసిన కొమ్మల్లో ఒకటి ఇంకా పచ్చగా ఉంది, మెల్లగా కదిపితే గట్టిగా పట్టుకుంది.

కనుమ నాడు కోతులు వచ్చాయి. మా వైపు ఇది మామూలే. టమాటాలు తిన్నాయంటే అర్థం ఉంది, లావెండర్ అవి తినవు, వాసన చూసి మొహం చిట్లించి, కుండీలోంచి పీకి, వేర్లు పైకి పెట్టి పడేసి పోయాయి. డెంటాటా ఒకటి అలా రెండు గంటలు ఎండలో పడి ఉంది. వెంటనే నాటి, నీళ్ళు పోసి, రెండు రోజులు నీడలో పెట్టి, పచ్చ కొమ్మల్ని మూడో వంతు తగ్గించాను. తట్టుకుంది. వేర్లన్నీ తెల్లగా, మట్టిలో బాగా అల్లుకుని ఉన్నాయి, ఆ విషయం కోతుల పుణ్యాన తెలిసింది. కుండీల మీద ఇప్పుడు కోళ్ళగూటి వల కట్టాను.

ఫిబ్రవరి

డెంటాటాలు పూస్తున్నాయి. పొట్టి కంకి, పైన ఊదారంగు రేకుల కుచ్చు. ఇంగ్లిష్ రకం అంత ఘాటు వాసన ఉండదు, కాస్త కర్పూరం కలిసినట్టుంటుంది. తేనెటీగలు పొద్దున పదింటికల్లా దిగుతున్నాయి. వాడిన కంకుల్ని రెండాకుల కిందకి కోసేస్తుంటే కొత్తవి వస్తూనే ఉన్నాయి.

వెనకింటి మామిడి కూడా పూతలో ఉంది, తోతాపురి. ఈ జిల్లాల్లో మామిడి రైతులు డిసెంబరు నుంచి ఆకాశం వంకే చూస్తారు, పొడిగా, చల్లగా ఉంటే పూత బాగా వస్తుంది, వాన పడితే పూత బదులు ఆకు చిగురొస్తుంది. లావెండర్ కోరేది కూడా అచ్చం అదే డిసెంబరు. మామిడికి ఏడాది బాగుందని రైతులంటే మన మిద్దె మీద లావెండర్‌కి కూడా బాగున్నట్టే లెక్క, నేను ఇకనుంచి దీన్నే గుర్తుగా పెట్టుకుంటాను.

అయితే ఆ మామిడి నుంచి తేనెమంచు పురుగు జిగురు మా కుండీల మీద రాలుతోంది, దాని మీద నల్ల బూజు. పైకప్పు షీటు జిగటగా తయారై వెలుగు తగ్గింది. షీటు సబ్బు నీళ్ళతో కడిగాను. మందారం మీద పిండినల్లి మొదలైంది, వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట.

శివరాత్రి దాటాక

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఈసారి వారం ముందే పోయింది, పగలు 35 తాకుతోంది. పాలికార్బొనేట్ షీటు విప్పేశాను. ఇక దాని కింద వేడి ఆగుతుంది, కట్టెలకి ఇప్పుడు 50 శాతం షేడ్ నెట్ కట్టాలి. నర్సరీవాళ్ళు అక్టోబరులో చెప్పిన సలహా మార్చికి సరిగ్గా సరిపోయింది.

అంటు కొమ్మల్లో సగానికి పైగా వేరు వచ్చింది, ఇంగ్లిష్‌ది కూడా. వాటిని చిన్న మట్టి కుండీల్లోకి మార్చి, అదే ఇసుక మట్టిలో, కంకర పైపొరగా వేశాను, పైన తెల్ల కంకర ఉంటే కాండం మొదట్లో తడి నిలవదు. పెద్ద మొక్కల కుండీలు తూర్పు గోడ పక్కకి జరుపుతున్నాను, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత మెట్ల గది నీడ పడేచోటికి. మే నెలలో నీళ్ళు తెల్లారకముందే పోయాలి, కుండీ వేడెక్కాక పోస్తే వేరు ఉడుకుతుంది.

పక్కింటి పెద్దాయన ఒక అంటు అడిగాడు. వాన పడని చెట్టు ఎందుకన్నావు కదా పెదనాన్నా అంటే, "పూసింది గదా, మా ఆవిడ అడగతా ఉండాది" అన్నాడు. ఇంకా ఎవరికైనా కావాలంటే ఉగాది లోపే వచ్చి తీసుకెళ్ళండి. ఆ తర్వాత వచ్చే ఎండకి చిన్న వేరు కుదురుకోదు, అప్పుడు అడిగితే నవంబరు వానలు వెళ్ళేదాకా ఆగమనే చెప్తాను.